మూకుడు చల్లారేలోపు

సున్నం ధర ఎలా నిర్ణయించేవారని ఈ మధ్య ఒక కుర్ర ఇంజనీరు నన్ను అడిగాడు. మార్కెట్టును బట్టి అన్నాను. అబద్ధం. మేము మూకుడును బట్టి నిర్ణయించేవాళ్ళం.

కాజీపేట దాటాక హైదరాబాదు రోడ్డు పక్కన అప్పట్లో వరసగా నాలుగు సున్నపు బట్టీలు ఉండేవి. ఉగాది తర్వాత వచ్చే మొదటి మంగళవారం నాలుగు బట్టీల యజమానులం మా అరుగు మీద కూర్చునేవాళ్ళం. మధ్యలో మట్టి మూకుడు, దాని నిండా నీళ్ళు. బట్టీలోంచి కొత్తగా తీసిన కాలిన రాయి, పిడికిలంత గడ్డ, అందులో వేసేవాళ్ళం. గడ్డ సుర్రుమంటుంది, పగులుతుంది, నీళ్ళు కుతకుతా ఉడుకుతాయి. కాసేపటికి గడ్డంతా విచ్చిపోయి, నీళ్ళు తెల్లగా చిక్కబడి, చప్పుడు ఆగిపోతుంది. ఆ చప్పుడు ఆగేలోపు నలుగురం ఒక రేటు మీదికి రావాలి. ఆగిన తర్వాత ఇక మాట మార్చకూడదు. మార్చినవాడికి మిగతా ముగ్గురూ కలిసి రాయి దొరకనిచ్చేవారు కాదు, కూలీని దొరకనిచ్చేవారు కాదు.

సిమెంటు అప్పుడు పర్మిటు మీద వచ్చేది. పర్మిటు కోసం తిరిగే ఓపిక, చెయ్యి తడిపే స్తోమత ఉన్నవాడికే సిమెంటు. మిగతా వరంగల్ అంతా డంగు సున్నంతోనే ఇళ్ళు కట్టుకునేది. మా దగ్గర కాల్చిన సున్నం కొనుక్కుపోయి, నీళ్ళు పోసి విరగబెట్టి, ఇసుక కలిపి, ఎద్దుల గానుగలో మెత్తగా నలగ్గొట్టి, ఆ ముద్దతో రాయి మీద రాయి పేర్చేవారు. మేస్త్రీ నా దగ్గర బేరం తెగక విసుక్కుని పక్క బట్టీకి పోయేవాడు. అక్కడా అదే రేటు. నాలుగో బట్టీ దాకా నడిచి, ఎండలో తల మాడి, తిరిగి నా దగ్గరికే వచ్చేవాడు. వాడి ముఖం చూసి నవ్వాపుకోవడం కష్టంగా ఉండేది. పైకి మేము పోటీదారులం. ఒకరి సున్నంలో బూడిద ఉందని ఒకరం, ఒకరి తట్ట చిన్నదని ఒకరం జనం ముందు తిట్టుకునేవాళ్ళం కూడా. తట్టలన్నీ ఒకే మేదరి అల్లేవాడు. అడుగు కాస్త పైకి ఉబ్బేలా అల్లమని నలుగురం కలిసే చెప్పాం.

మా నాయన చనిపోయిన ఏడాది బట్టీ నా చేతికొచ్చింది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. నాయన కంటే గట్టివాణ్ణని నిరూపించుకోవాలన్న దురద ఉండేది. సరిగ్గా ఆ ఏడే ఐదో బట్టీ లేచింది.

లేపినవాడు రైల్వే మనిషి. కాజీపేట లోకోషెడ్డులో ముప్పై ఏళ్ళు ఇంజన్ల కింద దూరి పనిచేసి రిటైరైనవాడు. క్రైస్తవుడు. పిల్లలు లేరు. చేతికొచ్చిన ఫండు డబ్బంతా బట్టీలో పెట్టాడు. బట్టీ ముట్టించే రోజున భార్యాభర్తలిద్దరూ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తుంటే మా కూలీలు పని మానేసి చూశారు. నేనూ చూశాను. ఒక్క వానాకాలం నిలబడలేడని నాలో నేను లెక్కేసుకున్నాను.

మర్యాదకు మూకుడు దగ్గరికి పిలిచాను. వచ్చాడు. నన్ను బిడ్డా అనేవాడు, నేను కాకా అనేవాణ్ణి. మా మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు. గడ్డ ఉడుకుతుంటే తల వంచి దాన్నే చూశాడు. మేము రేటు పలికాక లేచి నిలబడ్డాడు.

"నాకు గింత రేటు వద్దు బిడ్డా. నాకు పడ్డదానికి జర కలుపుకొని అమ్ముకుంట. మీరు అమ్ముకున్నట్లు మీరు అమ్ముకోండ్రి" అన్నాడు.

"కాకా, మా అందరి రేటు ఒక్కటే ఉంటది. ఇది మా నాయన కాలం నాటి కట్టు" అన్నాను.

"మంచిదే. గని గా కట్టు కట్టిన్నాడు నేను లేకుంటిని గద" అన్నాడు.

బండికి రూపాయిన్నర తక్కువకు అమ్మడం మొదలుపెట్టాడు. తట్ట కూడా అడుగు సాపుగా ఉన్నది కొన్నాడు, దాన్ని కుప్పగా నింపేవాడు. నష్టానికి అమ్ముతున్నాడు, రెండు నెలల్లో మట్టి కరుస్తాడు అని మా నలుగురిలో పెద్దాయన అన్నాడు. కానీ అతనికి నష్టం రావడం లేదు. ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. లోకోషెడ్డు వెనక ఇంజన్లు దులిపిన బూడిద గుట్టలుగా పడి ఉండేది. అందులో సగం కాలిన బొగ్గు ముక్కలు ఉంటాయి. అతని భార్య పొద్దున్నే అక్కడ కూర్చుని బూడిదలోంచి ఆ ముక్కలు ఏరేది. మేము డబ్బు పోసి కొనే బొగ్గు వాళ్ళకు ఆమె కళ్ళ చలవతో వచ్చేది. బట్టీ దించాక కాలని రాళ్ళు ఏరిపారేసేది కూడా ఆమే. దూరం నుంచే చూసి, ఇది లోపల పచ్చిగా ఉంది, తీసెయ్యి అనేది. రాయి పగలగొట్టి చూస్తే నిజంగానే పచ్చిగా ఉండేది. అంత చూపున్న మనిషిని నేను ఈ వ్యాపారంలో మళ్ళీ చూడలేదు.

కేసముద్రంలో ఒక షావుకారు ధాన్యం గోదాము కడుతున్నాడు. ఏటా మా బట్టీలోనే సున్నం కొనేవాడు, ఆ ఏడు ఐదో బట్టీలో కొన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పోయింది ఒక్క గిరాకీనే. కానీ మేస్త్రీలు మా బట్టీల ముందు నుంచే బండ్లు తోలుకుంటూ, మమ్మల్ని చూసి పలకరించి మరీ ఐదో బట్టీకి పోతున్నారు. ఏళ్ళ తరబడి ఎండలో తిప్పినందుకు వాళ్ళు కసి తీర్చుకుంటున్నారని నాకు తెలుసు. వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళకు ఆ వీలు కల్పించినవాడి మీద వచ్చింది.

నలుగురం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి మూకుడు పెట్టలేదు. ఉపాయం నాది, ఎవరి మీదా నెట్టను. రోహిణి కార్తె వచ్చేదాకా అతన్ని అతని రేటుకు అమ్ముకోనిద్దాం, ధైర్యం వచ్చి పెద్ద బట్టీ వేస్తాడు, వేశాక మనం రేటు పడగొడదాం అన్నాను. కాల్చిన సున్నానికి ఒక జబ్బు ఉంది. దాన్ని దాచుకోలేం. గాలిలో తేమ తగిలితే పొడైపోతుంది, వాన తగిలితే ఉడికిపోతుంది. మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చి చినుకు పడేలోపు అమ్ముడైపోవాలి. లేదా గుంత తవ్వి, నీళ్ళు పోసి విరగబెట్టి, మెత్తని ముద్దగా గుంతలో దాచాలి. గుంతలో పడితే మూడేళ్ళైనా చెడదు. కానీ ఒక బట్టీ సున్నం విరగడానికి వందల కుండల నీళ్ళు కావాలి. రోహిణిలో మా వైపు చెరువులు అడుగంటుతాయి, అతను తవ్వించుకున్న బావిలో అప్పటికే అడుగు బురద తేలి తాబేలు నడుస్తోంది. నా బావిలో మాత్రం ఏ ఎండాకాలమైనా ఊట తగ్గేది కాదు.

అనుకున్నట్టే పెద్ద బట్టీ వేశాడు. దించిన మర్నాడే మేము రేటు సగానికి తెచ్చాం. అతను తనకు పడ్డదానికే ఇవ్వబోయాడు. మేము దానికీ రూపాయి తగ్గించాం. ఆదివారం అతను ప్రార్థనకు పోయి బట్టీ మూసేవాడు కదా, ఆ రోజు ఇంకో రూపాయి తగ్గించి, డప్పు కొట్టించాం. మేస్త్రీలంతా తిరిగి మా దగ్గరికి వచ్చారు. అంతకు ముందు నెల అతన్ని ధర్మాత్ముడన్న నోళ్ళే ఇప్పుడు అతని బండి సున్నంలో తప్పులు వెతికాయి. నష్టాన్ని నలుగురం పంచుకున్నాం కాబట్టి ఎవరి నడుమూ విరగలేదు. అతను ఒక్కడు. రోజూ బట్టీ ముందు బండ మీద కూర్చుని రోడ్డు వైపు చూసేవాడు. నేను మా అరుగు మీంచి అతన్ని చూసేవాణ్ణి. ఆ రోజుల్లో నేను హాయిగా నిద్రపోయాను, ఈ మాట దాచడంలో అర్థం లేదు.

మిరుగు ఇంకో వారం ఉందనగా భార్యాభర్తలు ఇద్దరూ మా అరుగు దగ్గరికి వచ్చారు. ఆమె కింద నిలబడింది. అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, సున్నం కొనుమని అడుగుతలేను. మూడు దినాలు నీ బాయి నీళ్లు తోడుకోనియ్యి. గుంత తవ్విన. అండ్ల విరగబెట్టుకుంట. నీళ్లకు ఏమైతదో చెప్పు, ఇస్త" అన్నాడు.

అతను బతకడానికి ఉన్న దారి అదొక్కటే. మూడు రోజుల నీళ్ళు ఇస్తే అతని సున్నం గుంతలో పడి నిలుస్తుంది, వానలు తగ్గాక మంచి ధరకు అమ్ముకుని వచ్చే ఏడు మళ్ళీ మా ముందు నిలబడతాడు. ఇవ్వకపోతే ముప్పై ఏళ్ళ రైల్వే కొలువు మొదటి వానతో ఉడికిపోతుంది. అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను లోపలికి పోయి మూకుడు తెచ్చాను. నీళ్ళు పోసి, గడ్డ వేశాను.

"ఇది చల్లారేలోపు మాట కుదరాలె కాకా. మా కట్టు నీకెరుకనే" అని నీళ్ళకు ఒక ధర చెప్పాను. అది అతని సున్నం మొత్తం అమ్మినా రాని ధర. అతను నా ముఖంలోకి చూసి, అందులో సగం అన్నాడు. అతను తగ్గిస్తుంటే నేను పెంచాను. గడ్డ పగిలింది. అతను నా మొదటి ధరకు ఒప్పుకున్నాడు. నేను ఇంకా పెంచాను. బేరం ఇలా కూడా చేయవచ్చని నాకు అప్పుడే తట్టింది.  మూకుడులో నీళ్ళు ఎగిరి అతని కాలి మీద పడినా కాలు తీయలేదు.

ఆమె మెట్టు దగ్గరికి వచ్చి భర్త భుజం పట్టుకుంది.

"లేవయ్యా. ఆయన బేరం చేస్తలేడు, ఆట ఆడుతాండు" అంది.

లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు రోడ్డు దాటకముందే మూకుడు చల్లారింది. నేను చివరిగా చెప్పిన ధర ఎంతో ఇప్పుడు గుర్తులేదు. ఆమె చూసిన చూపు గుర్తుంది.

తర్వాత మూడు రోజులు అతను చేసిన పని ఈ వ్యాపారంలో పుట్టి పెరిగినవాడు ఎవడూ చెయ్యడు. బట్టీ దగ్గర ఉన్నది తాటాకు కప్పు, వానకు ఆగదు. అతని ఇంటికి మాత్రం గూన పెంకుల కప్పు ఉంది. సున్నాన్ని గోనెసంచుల్లో నింపి, పైన గడ్డి కప్పి, బండి మీద ఇంటికి చేర్చాడు. ఇల్లు బట్టీకి నాలుగు వందల అడుగులు కూడా ఉండదు. ఎంత సరుకు మిగిలిందో మాకు తెలిస్తే ఇంకా రేటు పడగొడతామని భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు. రహస్యంగా ఉండటం మా దగ్గరే నేర్చుకున్నాడు. కానీ నా అరుగు మీంచి కనబడనిది ఏముంది? ఎదుటి బట్టీల నుంచి కదిలే ప్రతి బండికీ నా గది గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసే అలవాటు నాది. ఎవరి వరస వాళ్ళది. అతని ఇంటికి పోయిన బండ్లకు కొత్త వరస పెట్టాను. తొమ్మిది గీతలు పడ్డాయి. తొమ్మిది బండ్ల విరగబెట్టని సున్నం, కొయ్య దూలాలు ఉన్న ఇంట్లో, మట్టి నేల మీద. మా నాయన ఉంటే నెత్తి కొట్టుకునేవాడు. నేను బొగ్గు ముక్క కిటికీలో పెట్టి చేతులు కడుక్కున్నాను.

నాలుగో రోజు అతను పొద్దున రైలెక్కి రఘునాథపల్లి పోయాడు. అక్కడ ఒక పెద్ద రైతు మేడ కడుతున్నాడు, సరుకు మొత్తం తీసుకునేలా ఉన్నాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. బేరం కుదిరింది కూడా. మర్నాడే బండ్లు పంపుతానన్నాడట.

వాన ఆ మధ్యాహ్నమే పడింది. మిరుగుకు మూడు రోజుల ముందు. గాలి వచ్చి ముందు పెంకులు లేపింది, వెనకే చినుకులు దిగాయి. అరగంట కుండపోతగా కురిసి సన్నబడింది. వాకిట్లోంచి నీళ్ళు అతని ఇంటి గడప దాటి లోపలికి పోయి ఉంటాయి. కాసేపటికి పెంకుల సందుల్లోంచి ఆవిరి లేచింది. ఆవిరి నల్లబడి పొగైంది. సంచులు అంటుకున్నాయి, సంచుల నుంచి దూలాలు అంటుకున్నాయి.

నేను అరుగు మీదే ఉన్నాను. చూసిన క్షణంలోనే ఏమిటో అర్థమైంది. వానలో ఇల్లు కాలుతుంటే జనం పిడుగు పడిందనుకున్నారు. బట్టీల కూలీలు, వాడకట్టు ఆడవాళ్ళు అందరూ కుండలు, బక్కెట్లు పట్టుకుని దగ్గర్లో నీళ్ళున్న బావికి, నా బావికి పరుగెత్తుకొచ్చారు. బావి కావలివాడు నా వైపు చూశాడు. తోడుకోనివ్వమని చెయ్యి ఊపాను. నాలుగు రోజుల కింద మూడు రోజుల నీళ్ళకు ధర కట్టిన బావిలోంచి ఆ రోజు ఎవరికి కావలసినన్ని వాళ్ళు ఉచితంగా తోడుకుపోయారు. కుండ మీద కుండ పోశారు. పోసినకొద్దీ లోపల బుసబుసమని ఉడికింది. పోసినకొద్దీ మంట లేచింది. ఎందుకు ఆరడం లేదో తెలియక ఇంకా పోశారు.

లోపల సున్నం ఉంది, నీళ్ళు పోయకండి, ఇసుక చల్లండి. ఇంత చెబితే చాలు. అతని బట్టీ పక్కనే ఇసుక కుప్ప ఉంది. నేను చెప్పలేదు. చెబితే నీకెలా తెలుసని అడుగుతారని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ సున్నం అయిపోవాలని నాకు ఉండింది. పూర్తిగా అయిపోతే వచ్చే ఏడు నాలుగు బట్టీలే ఉంటాయి. నిలబడి చూశాను.

ఆమె లోపల ఉందని నాకు తెలియదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. సంచులు బయటికి లాగుదామని వెనక తలుపు నుంచి లోపలికి పోయిందట. నీళ్ళు పోయొద్దని అరిచిందట. వాన చప్పుడులో, బయట కేకల్లో ఎవరికి వినబడుతుంది? ఎవరో కిటికీలోంచి బక్కెట్టు నీళ్ళు విసిరారు. ఉడుకుతున్న సున్నం ఎగిరి ఆమె ముఖం మీద పడింది. ముందు తలుపులోంచి తడుముకుంటూ బయటికి వచ్చింది. ముఖం, జుట్టు, చీర అంతా తెల్లగా ఉంది. తడి కొంగుతో కళ్ళు నులుముకుంటూనే ఉంది. నులమవద్దని చెప్పాలని అప్పుడు కూడా నాకు తెలుసు. ఎద్దుల బండి మీద దవాఖానకు తీసుకుపోయారు. బండి నాదే. నేనే కట్టించాను. దాన్ని జనం పెద్ద మనసు అన్నారు.

రెండు కళ్ళూ పోయాయి.

సాయంత్రం రైలుకు అతను దిగివచ్చాడు. రఘునాథపల్లి రైతు ఇచ్చిన బయానా రుమాలులో కట్టుకుని ఉన్నాడు. ఇల్లున్న చోట గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. లోపల తెల్లటి బురద ఇంకా వెచ్చగా ఉంది. అతను అందులో చెయ్యి పెట్టి చూశాడు. చక్కగా విరిగిన సున్నం, గుంతలో వేసినా అంత బాగా రాదు. అతను ఏడవలేదు. ఎవరిమీదా అరవలేదు. ఇల్లు ఎట్లా అంటుకుందని కూడా అడగలేదు, అది అతనికి చూడగానే తెలిసింది. ఆమెను ఏ దవాఖానకు తీసుకుపోయారో అడిగి, రుమాలు అలాగే పట్టుకుని నడిచిపోయాడు.

ఉగాదికి మూకుడు చుట్టూ మళ్ళీ నలుగురమే కూర్చున్నాం. పోయిన నష్టం కూడా కలుపుకుని బండికి మూడు రూపాయలు పెంచాం. మేస్త్రీలు నోరు మూసుకుని ఇచ్చారు. అతని బట్టీ నేనే తీసుకున్నాను, ఎంతకో రాయను. ఇంకో నెలకు అతనే పనికోసం వచ్చాడు. కాకా అని పిలవబోయి ఆగాను, పనివాణ్ణి కాకా అంటే చనువు పెరుగుతుందని. అతను మాత్రం ఆ రోజు నుంచి నన్ను సేటు అన్నాడు. తట్టలు నింపే పని ఇచ్చాను. మొదటి రోజు అలవాటు కొద్దీ కుప్పగా నింపాడు. కుప్పను తట్ట అంచుకు సమానంగా గీయమన్నాను. గీశాడు. ఏటా ఉగాది తర్వాత మంగళవారం మూకుడులో నీళ్ళు తెచ్చి మా మధ్య పెట్టి, గడ్డ వేసే పని కూడా అతనికే పెట్టాను. ఇంకెవరికైనా చెప్పవచ్చు. అతనికే చెప్పాను. చప్పుడు ఆగేదాకా అతను పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఒక ఏడు దసరాకు గోడలకు సున్నం వేయమని నా గదిలోకి పంపాను. బొగ్గు గీతల సంగతి మరిచిపోయాను. మధ్యాహ్నం పోయి చూస్తే గోడలన్నీ వేశాడు, కిటికీ పక్కన జానెడు చోటు మాత్రం వదిలేశాడు. అక్కడ తొమ్మిది గీతలు ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ఇంజన్లు బాగుచేసిన మనిషికి తన ఇంటికి తోలిన బండ్లు ఎన్నో గుర్తుండవా? నేను ఆ గీతల వైపు చూశాను, అతను నా వైపు చూశాడు.  సాయంత్రానికి ఆ జానెడు చోటుకు కూడా సున్నం వేసి, బక్కెట్టు కడిగి వెళ్ళిపోయాడు.

పంతొమ్మిది వందల అరవైలు సగం దాటాయి. స్టేషను రోడ్డులో సిమెంటు డిపోలు వచ్చాయి. మేస్త్రీలు సున్నం గానుగలు అమ్ముకుంటున్నారు. మేము అతనికి చేసిందే డిపోలవాళ్ళు మాకు చేశారు, రేటు పడగొట్టి కూర్చున్నారు. వాళ్ళ ముందు మా మూకుడు పిల్లలాట. అయినా ఆ ఏడు కూడా నలుగురం కూర్చున్నాం. అతను మూకుడు తెచ్చి గడ్డ వేశాడు. అప్పుడే ఆమె వచ్చింది. పక్కింటామె చెయ్యి పట్టుకుని, భర్తకు సద్ది తెచ్చింది. అరుగు మెట్టు దగ్గర, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడింది. గడ్డ సుర్రుమనే చప్పుడు విని తల తిప్పింది.

"సేటు, ఒక్క మాట అడుగుతా. ఆ దినం మా ఇంట్ల సున్నం ఉన్నదని నీకెరుకనా?" అంది.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను మూకుడులోకి చూశాను.  గడ్డ ఉడుకుతూనే ఉంది. అప్పుడు ఆమె భర్త మాట్లాడాడు.

"సేటుకేమెరుకనే. నేను ఎవ్వరికి చెప్పలే. చెప్తే నీ కండ్లు పోకపోవు. తప్పు నాదే" అన్నాడు.

ఆమె కాసేపు ఆ ముఖాన్ని, చూపులేని కళ్ళను, నా వైపే ఉంచింది. తర్వాత తల ఊపింది. "ఊకెనే అడిగిన సేటు. మనసుల పెట్టుకోకు" అని, సద్ది మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. చప్పుడు ఆగింది. ఆ ఏడు రేటు కుదరలేదు.

మర్నాడు అతను అరుగు దగ్గరికి వచ్చాడు. ఏదో అడుగుతాడని నాకు తెలుసు, అడిగినంత ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. "ఎండకాలం మా ఇంట్ల నీళ్లకు తక్లీబైతాంది సేటు. నీ బాయిల నుంచి దినాం రెండు కుండలు తీస్కపోత" అన్నాడు. అంతే. అతను చెప్పిన ధరకు నేను బేరమాడకుండా ఒప్పుకున్నది అదొక్కసారే.

ఆమె పోయేదాకా ఆ బావి నీళ్ళే తాగింది. పోయాక పదో రోజున అతను పనికి వచ్చి తట్ట అందుకుంటూ, ఆమె ప్రతి ఆదివారం ప్రార్థనలో నీళ్ళిచ్చిన సేటు చల్లగా ఉండాలని అడిగేదని చెప్పాడు. ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగాను.

"నీకు ఎరుకుండాలె గద సేటు" అన్నాడు.